ఇటలీలో ‘ఉచిత చదువు’ వెనుక అసలు లెక్క: ఫీజు, ఇల్లు, పరీక్ష, భోజనం

అమెరికా వీసా వస్తుందో రాదో అన్న టెన్షన్ పెరిగేకొద్దీ తెలుగు ఇళ్లలో ఇటలీ మాట ఎక్కువగా వినిపిస్తోంది. ‘అక్కడ ఫీజు ఉండదట, పైగా ఏడాదికి ఏడు లక్షలు వాళ్లే ఇస్తారట’ అని ఒకరు చెబుతారు. అదే వారంలో, వెళ్లిన పిల్లవాడు ఫోన్ చేసి ‘ఇల్లు దొరకలేదు, స్కాలర్‌షిప్ ఇంకా పడలేదు, రెండు లక్షలు పంపండి’ అంటాడు. విన్న తల్లిదండ్రులకు ఎవరిది నిజమో అర్థం కాదు.

రెండూ నిజమే. ఇటలీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఫీజు కుటుంబ ఆదాయాన్ని బట్టి ఉంటుంది. మన మధ్యతరగతి కుటుంబాల్లో చాలావాటికి అది సున్నాకు దగ్గరగా వస్తుంది. స్కాలర్‌షిప్ కూడా ఉన్నమాటే. అయితే అది చేతికి వచ్చే తేదీ వేరు, ఖర్చు మొదలయ్యే తేదీ వేరు. పైగా అక్కడ ఒక కాగితం ఇంకో కాగితం మీద ఆధారపడుతుంది. అద్దె ఒప్పందం లేకపోతే స్కాలర్‌షిప్ తగ్గుతుంది, ఆగస్టు లోపు పరీక్ష పాస్ కాకపోతే రెండో వాయిదా ఆగుతుంది. విద్యార్థి రోజువారీ జీవితం ఎక్కువగా ఈ ముడుల మధ్యే గడుస్తుంది కాబట్టి ఒక్కొక్కటిగా విప్పి చూద్దాం.

ఫీజు ఎలా తగ్గుతుంది: ఐఎస్‌ఈఈ అనే అంకె

ఐఎస్‌ఈఈ అంటే ఒక కుటుంబం ఆర్థిక స్థితిని ఒకే అంకెలో చెప్పే ఇటలీ కొలమానం. కుటుంబ ఏడాది ఆదాయానికి ఆస్తుల విలువలో 20 శాతం కలుపుతారు. ఆ మొత్తాన్ని కుటుంబ సభ్యుల సంఖ్యకు తగ్గ గుణకంతో భాగిస్తారు. ముగ్గురికి 2.04, నలుగురికి 2.46, ఐదుగురికి 2.85. ఆదాయం విదేశంలో ఉన్న కుటుంబాలకు ఇదే పద్ధతిలో వేసే లెక్కను ‘పారిఫికాతో’ అంటారు. దీన్ని ఎక్కువగా ‘కాఫ్’ అని పిలిచే పన్ను సహాయ కేంద్రాలు వేసి ఇస్తాయి.

ఒక ఉదాహరణ. వరంగల్‌లో నలుగురున్న కుటుంబం, ఏడాది ఆదాయం 9 లక్షలు. లెక్క తేలికగా ఉండాలని యూరోకు వంద రూపాయలు అనుకుందాం, అంటే 9,000 యూరోలు. సొంత ఇల్లు వెయ్యి చదరపు అడుగులు, దాదాపు 93 చదరపు మీటర్లు. విదేశాల్లోని ఇళ్లకు సాధారణంగా చదరపు మీటరుకు 500 యూరోల చొప్పున విలువ కడతారు కాబట్టి ఇంటి విలువ 46,500 యూరోలు, అందులో 20 శాతం 9,300. ఆదాయంతో కలిపితే 18,300. దాన్ని 2.46తో భాగిస్తే సుమారు 7,440. మినహాయింపులు ఏవైనా వర్తిస్తే ఇంకా తగ్గుతుంది.

ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఐఎస్‌ఈఈ ఒక హద్దుకు లోపు ఉన్నవారికి ట్యూషన్ ఫీజు ఉండదు. 2017 బడ్జెట్ చట్టం ఆ హద్దును 13,000 యూరోలుగా పెట్టింది. తర్వాత 20,000కు, 2021-22 నుంచి 22,000కు పెంచారు. మన ఉదాహరణలోని కుటుంబం దానికి చాలా దిగువన ఉంది. ఆ కుటుంబం ఆదాయం 30 లక్షలైనా, ఆస్తి అదే అయితే అంకె 16,000 దగ్గరే ఆగుతుంది. ‘మా ఆదాయం ఎక్కువ, మాకు రాదు’ అనుకునే చాలా కుటుంబాలు నిజానికి హద్దు లోపలే ఉన్నాయి.

ఇక్కడ మూడు మెలికలున్నాయి. ట్యూషన్ సున్నా అయినా ప్రాంతీయ పన్ను, 16 యూరోల స్టాంపు కట్టాల్సిందే. రెండూ కలిపి చాలాచోట్ల 150 యూరోల పైమాటే. కొన్ని విశ్వవిద్యాలయాలు ఐరోపా సమాఖ్య బయటి విద్యార్థులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఒకే ఫీజు పెడతాయి. మిలన్‌లోని బొక్కోని లాంటి ప్రైవేటు సంస్థల లెక్క పూర్తిగా వేరు. మూడోది, ఐఎస్‌ఈఈ కాగితం గడువులోపు ఇవ్వకపోతే గరిష్ఠ ఫీజు పడుతుంది. మిలన్ పాలిటెక్నిక్‌లో అది ఏడాదికి దాదాపు 4,000 యూరోలు. ‘ఉచితం’ అన్నది ఆ కాగితం సమయానికి చేరితేనే నిజమవుతుంది.

ఆ కాగితం తయారయ్యేది మాత్రం ఇక్కడ, మన ఊళ్లో. తల్లిదండ్రుల ఆదాయ ధ్రువపత్రం, ఇంటి పత్రాలు, బ్యాంకు నిల్వలు, కుటుంబ సభ్యుల వివరం, అన్నీ రెండేళ్ల కిందటి సంవత్సరానికి చెందినవి కావాలి. 2025-26 చదువుకు 2023 ఆదాయం చూస్తారు. మీసేవలో మామూలుగా వచ్చే ధ్రువపత్రం ప్రస్తుత ఆదాయం చెబుతుంది కాబట్టి, పాత సంవత్సరం పేరిట రాయించుకోవడానికి తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తుంది. ఆ తర్వాత ప్రభుత్వ ధ్రువీకరణ, ఇటాలియన్‌లోకి అనువాదం. విమానం ఎక్కాక గుర్తొస్తే నాన్న ఒక్కడే ఈ పనులన్నీ చేయాలి.

స్కాలర్‌షిప్ ఎవరు ఇస్తారు, ఎప్పుడు ఇస్తారు

తెలుగు విద్యార్థులు ‘డీఎస్‌యూ’ అని పిలిచేది చదువుకునే హక్కు పేరిట ఇచ్చే ప్రాంతీయ స్కాలర్‌షిప్. విశ్వవిద్యాలయం ఇచ్చేది కాదు. టోరినో ఉన్న పియెమోంతేలో ‘ఎదీజు’, బొలోన్యా ఉన్న ఎమీలియా-రొమాన్యాలో ‘ఎర్గో’, రోమ్ ఉన్న లాత్సియోలో ‘లాత్సియో దిస్కో’, ఇలా ప్రాంతానికో సంస్థ దీన్ని నడుపుతుంది. ఐఎస్‌ఈఈ సుమారు 28,000 యూరోలు దాటకూడదు, ఆస్తులకు విడిగా ఇంకో హద్దు ఉంటుంది. ఇంటికి దూరంగా, అద్దెకు ఉండి చదివేవారిని ‘ఫ్వోరి సేదె’ అంటారు. వారికి ఇటీవలి సంవత్సరాల్లో ఏడాదికి 7,000 యూరోల చుట్టూ ఇస్తున్నారు. ‘ఏడు లక్షలు’ అన్న ప్రచారం ఇక్కడి నుంచే వచ్చింది.

గందరగోళం తేదీలతో మొదలవుతుంది. దరఖాస్తులు సాధారణంగా జులైలో తెరుచుకుని ఆగస్టు, సెప్టెంబరు నాటికి మూతపడతాయి. చాలామందికి అప్పటికి వీసా కూడా చేతికి రాదు. అర్హుల జాబితా శరదృతువులో వస్తుంది. మొదటి వాయిదా ఏడాది చివర్లో, రెండోది వచ్చే వేసవిలో. కొన్ని ప్రాంతాల్లో హాస్టల్ గది, క్యాంటీన్ భోజనం ఇచ్చి వాటి విలువను నగదులోంచి మినహాయిస్తారు. దాంతో 7,000 అనుకున్నది నగదుగా సగానికి తగ్గవచ్చు. అది నష్టం కాదు, గది దొరకడమే పెద్ద లాభం. కానీ ఇంట్లో ఈ సంగతి ముందే తెలియకపోతే ‘డబ్బులన్నీ ఏం చేశావు’ అన్న గొడవ దాకా వెళుతుంది.

జాబితాలో అర్హుడిగా పేరుండి కూడా నిధులు చాలక డబ్బు రాని వర్గం ఒకటుంది. వారిని ‘ఇదోనేయి నోన్ బెనెఫిచారి’ అంటారు. వీళ్లకూ ట్యూషన్ ఫీజు పడదు, కానీ చేతికి నగదు రాదు. ఏ ప్రాంతంలో ఏ ఏడాది ఇలా జరుగుతుందో ముందే తెలియదు. కాబట్టి స్కాలర్‌షిప్ గ్యారంటీ అని ఎవరైనా చెబితే, తమ చేతిలో లేనిదానికి మాట ఇస్తున్నట్టే.

ఇంకో షరతు చదువుకు ముడిపడింది. ఇటలీలో చదువును సీఎఫ్‌యూ అనే క్రెడిట్లలో కొలుస్తారు. ఒక్కో క్రెడిట్‌కు 25 గంటల శ్రమ, ఏడాదికి 60 క్రెడిట్లు. 2001 నాటి జాతీయ నిబంధన ప్రకారం మొదటి ఏడాది విద్యార్థి ఆగస్టు 10 లోపు 20 క్రెడిట్లు పూర్తిచేస్తే రెండో వాయిదా వస్తుంది. నవంబరు 30కి కూడా పూర్తి కాకపోతే స్కాలర్‌షిప్‌ను రద్దు చేసి, ఇచ్చినది వెనక్కి అడుగుతారు. ఈ ఆగస్టు 10 తేదీని గుర్తుపెట్టుకోండి, పరీక్షల దగ్గర మళ్లీ వస్తుంది.

మొదటి వారాలు: ఒక కోడు, ఒక కార్డు

దిగగానే కావలసింది కోదిచే ఫిస్కాలే. మన పాన్ లాంటి పన్ను కోడు, కానీ అద్దె ఒప్పందం, బ్యాంకు ఖాతా, సిమ్ కార్డు అన్నింటికీ అడుగుతారు. ఉచితంగానే ఇస్తారు. 16 అక్షరాలు, అంకెలు ఉండే ఈ కోడు మనిషి పేరు, పుట్టిన తేదీ, పుట్టిన దేశం నుంచే తయారవుతుంది. ఇంటిపేరు రెడ్డి అయితే మొదటి మూడు అక్షరాలు ఆర్, డీ, డీ. అమ్మాయిలకు పుట్టిన తేదీకి 40 కలుపుతారు, 12న పుట్టిన అమ్మాయి కోడులో 52 కనిపిస్తుంది. భారత్‌లో పుట్టినవారికి దేశం కోడు జెడ్222.

తెలుగువారికి ఇక్కడే చిక్కు వస్తుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకచోట, అడ్మిషన్ పత్రంలో ఇంకోచోట, మార్కుల మెమోలో ఇనీషియల్ మాత్రమే ఉంటే, ఏది ఇంటిపేరుగా తీసుకున్నారన్నదాన్ని బట్టి కోడే మారిపోతుంది. విశ్వవిద్యాలయం వెబ్‌సైట్ తాత్కాలికంగా తయారుచేసిన కోడు, పన్ను శాఖ ఇచ్చిన కోడు వేరైతే స్కాలర్‌షిప్ దరఖాస్తు, ఐఎస్‌ఈఈ కాగితం ఒకే మనిషివని కంప్యూటర్ గుర్తించదు. చిన్న అక్షర భేదం నెలల ఆలస్యంగా మారేది ఇలాగే.

రెండోది నివాస అనుమతి, పెర్మెస్సో ది సొజోర్నో. దేశంలోకి వచ్చిన 8 పనిదినాల్లో దరఖాస్తు చేయాలి. పోస్టాఫీసులో ఉచితంగా దొరికే పెద్ద కవరులో ఫారాలు నింపి అక్కడే ఇవ్వాలి. ఏడాది అనుమతికి 40 యూరోలు, కార్డుకు 30.46, పోస్టల్ రుసుము 30, స్టాంపు 16, మొత్తం 116.46 యూరోలు. ఇచ్చిన రసీదు మీద క్వెస్తురా అనే పోలీసు కార్యాలయంలో వేలిముద్రల తేదీ ఉంటుంది. ఆ తేదీ నెలల తర్వాత ఉండొచ్చు, కార్డు చేతికి రావడానికి ఇంకొన్ని నెలలు. అప్పటిదాకా రసీదే గుర్తింపు. దానితో ఇటలీలో ఉండవచ్చు, భారత్‌కు నేరుగా వెళ్లి రావచ్చు. వీసా గడువు ముగిశాక, ఆ రసీదు చూపించి పారిస్ మీదుగానో ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానో ప్రయాణించడం కుదరదు. అక్క పెళ్లికని చవక టికెట్ కొన్న విద్యార్థులు ఈ చిన్న నియమం దగ్గరే చిక్కుకుంటారు.

ఆరోగ్యానికి రెండు దారులు. ఒకటి ప్రైవేటు బీమా. రెండోది ఇటలీ ప్రభుత్వ ఆరోగ్య సేవలో స్వచ్ఛందంగా చేరడం. విద్యార్థులకు ఒకప్పుడు ఏడాదికి 149.77 యూరోలుండేది, 2024 జనవరి నుంచి 700 అయింది. కట్టిన డబ్బు జనవరి నుంచి డిసెంబరు దాకానే పనిచేస్తుంది. అక్టోబరులో కట్టినా 700, జనవరిలో కట్టినా 700. అందుకే కొత్తవారిలో చాలామంది తొలి నెలలకు ప్రైవేటు బీమాతో సరిపెట్టుకుంటారు. ప్రభుత్వ సేవలో చేరితే సొంతంగా ఒక ఫ్యామిలీ డాక్టరు ఉంటారు. దీర్ఘకాలిక జబ్బు ఉన్నవారికి 700 ఎక్కువేమీ కాదు.

ఇల్లు: అన్ని ముడులూ కలిసేచోటు

ఇటలీ విద్యార్థి జీవితంలో అన్నిటికంటే కష్టమైనది చదువు కాదు, ఇల్లు. 2023 మేలో మిలన్ పాలిటెక్నిక్ ఎదుట లియోనార్దో దా విన్చి చౌక్‌లో ఒక విద్యార్థిని అద్దెలు భరించలేనివిగా ఉన్నాయంటూ గుడారం వేసుకుని కూర్చుంది. కొద్ది రోజుల్లోనే రోమ్‌తో సహా ఎన్నో నగరాల్లో గుడారాలు వెలిశాయి. కాబట్టి ఇది మనవాళ్లకు మాత్రమే వచ్చిన కష్టం కాదు, ఇటలీ పిల్లలదీ ఇదే బాధ. విద్యార్థి హాస్టళ్లు తక్కువ. పెద్ద నగరాల్లో ఇళ్లు పర్యాటకుల రోజు అద్దెలకు మళ్లాయి. ఐరోపా కోవిడ్ పునరుద్ధరణ నిధులతో 60,000 కొత్త పడకలు కల్పించాలని ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది.

ప్రకటనల్లో కనిపించే మాటలు మూడు. ‘పోస్తో లెత్తో’ అంటే ఇద్దరు ముగ్గురు పంచుకునే గదిలో ఒక మంచం. ‘దోప్పియా’ ఇద్దరి గది. ‘సింగోలా’ ఒంటరి గది. మిలన్‌లో ఒంటరి గది 600, 700 యూరోలు దాటడం మామూలే. టోరినోలో పంచుకునే మంచం 250 నుంచి 350 మధ్య దొరకవచ్చు. దక్షిణాదిలో, చిన్న ఊళ్లలో ఇంకా తక్కువ.

విద్యార్థుల కోసం చట్టంలో ప్రత్యేక ఒప్పందం ఉంది. 6 నెలల నుంచి 36 నెలల దాకా రాసుకోవచ్చు, 30 రోజుల్లో పన్ను శాఖలో నమోదు చేయాలి. అడ్వాన్సు మూడు నెలల అద్దెకు మించకూడదు. విదేశీయుడికి ఇల్లిచ్చిన యజమాని 48 గంటల్లో పోలీసులకు తెలపాలి. కొందరు యజమానులు పన్ను తప్పించుకోవడానికి నమోదు వద్దంటారు. కొందరు ఇటలీలో జీతం తీసుకునే హామీదారు కావాలంటారు. విదేశీ పేరు వినగానే ఫోన్ పెట్టేసేవారూ ఉన్నారు, ఈ వివక్షను దాచాల్సిన పని లేదు. మరోవైపు యజమానులు తమ భయం తాము చెబుతారు: అద్దె ఎగ్గొట్టినవారిని ఖాళీ చేయించాలంటే కోర్టులో ఏళ్లు పడుతుంది, నలుగురికిచ్చిన ఇంట్లో ఎనిమిదిమంది ఉంటే నీళ్ల బిల్లు, పక్కింటివారి ఫిర్యాదు తమ మీదే పడతాయి అని. ఇందులోనూ నిజం ఉంది.

ఇప్పుడు అసలు ముడి. ‘ఫ్వోరి సేదె’ స్కాలర్‌షిప్ రావాలంటే చదివే నగరంలో కనీసం 10 నెలల నమోదైన ఒప్పందం చూపాలని చాలా ప్రాంతాల నిబంధన. చూపలేకపోతే స్థానిక విద్యార్థిగా లెక్కగట్టి 3,000 యూరోల లోపే ఇస్తారు. నమోదు లేకుండా నెలకు 50 యూరోలు తక్కువకు గది దొరికిందనుకుందాం. ఏడాదికి 600 మిగులుతుంది, స్కాలర్‌షిప్‌లో దాదాపు 4,000 పోతుంది. తెలిసి ఎవరూ ఈ బేరం ఒప్పుకోరు. కానీ అక్టోబరు చలిలో సూట్‌కేసుతో హాస్టల్ రిసెప్షన్ దగ్గర నిలబడ్డ పిల్లవాడికి ఆ రాత్రి మంచమే ముఖ్యం. అందుకే వాడిని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు.

ఈ తొందరే మోసగాళ్లకు ఆధారం. నిజమైన ఇంటి ఫొటోలు, పాస్‌పోర్టు కాపీ చూపించి, ‘నేను విదేశంలో ఉన్నాను, అడ్వాన్సు పంపితే తాళాలు కొరియర్ చేస్తాను’ అనే కథ ఏటా సెప్టెంబరులో మళ్లీ మళ్లీ వినిపిస్తుంది.

తరగతి, పరీక్ష: నోటితో చెప్పే చదువు

బొలోన్యా విశ్వవిద్యాలయం 1088లో మొదలైందని, పాదోవా 1222లో వచ్చిందని చెబుతారు. ఆ పాత సంప్రదాయంలోంచి వచ్చిందే మౌఖిక పరీక్ష. చాలా సబ్జెక్టులకు రాత పరీక్ష తర్వాత, కొన్నిటికి రాత లేకుండానే, ప్రొఫెసర్ ఎదురుగా కూర్చుని జవాబు చెప్పాలి. పదేళ్ల ప్రశ్నపత్రాలు చూసి ‘ఇంపార్టెంట్’ ప్రశ్నలు చదివే అలవాటు ఇక్కడ పెద్దగా సాయపడదు. ‘ఈ సూత్రం ఎందుకు పనిచేస్తుంది’ అని అడిగి, చెప్పినదాని మీద మళ్లీ ఇంకో ప్రశ్న వేస్తారు. హాజరు చాలా కోర్సుల్లో తప్పనిసరి కాదు. ఆ స్వేచ్ఛ మొదట్లో హాయిగా ఉండి, జనవరి వచ్చేసరికి భయమవుతుంది.

మార్కులు 30కి. పాస్ 18. అద్భుతంగా చెప్పినవారికి ‘30 ఎ లోదె’. డిగ్రీ చివరి మార్కు 110కి. పరీక్షల సగటు 25.5 అయితే దాన్ని 110తో గుణించి 30తో భాగిస్తే 93.5, దానికి థీసిస్ పాయింట్లు కలుస్తాయి. ఫెయిలైతే మన దగ్గరలా మెమోలో బ్యాక్‌లాగ్ ముద్ర పడదు. జనవరి-ఫిబ్రవరి, జూన్-జులై, సెప్టెంబరు విడతల్లో మళ్లీ రాయవచ్చు. అంతకంటే వింతైనది, పాసైనా మార్కు నచ్చకపోతే వద్దనవచ్చు. ‘22 ఇస్తాను, తీసుకుంటావా?’ అని ప్రొఫెసర్ అడుగుతారు.

ఆగస్టు 10 మళ్లీ వచ్చేది ఇక్కడే. జులైలో ఒక అమ్మాయికి 14 క్రెడిట్లు ఉన్నాయి. 8 క్రెడిట్ల సబ్జెక్టులో 22 వచ్చింది. సెప్టెంబరులో రాస్తే 28 వస్తుందన్న నమ్మకం ఉంది. తీసుకుంటే 22 క్రెడిట్లు, రెండో వాయిదా ఖాయం, సగటు కొంచెం తగ్గుతుంది. వదిలేస్తే ఆగస్టు 10కి 14 దగ్గరే ఆగిపోతుంది. ఇటాలియన్ స్నేహితురాలు ‘వద్దను, ఇంకా బాగా రాయగలవు’ అని ప్రేమగానే చెబుతుంది. తల్లిదండ్రుల ఇంట్లో ఉంటూ చదివే ఆమెకు అది మంచి సలహా. స్కాలర్‌షిప్ మీద బతికేవారికి ఆ ఒక్క మాట వేల యూరోల ఖరీదు.

నివాస అనుమతి పునరుద్ధరణకు షరతు తేలిక: మొదటి ఏడాది కనీసం ఒక పరీక్ష, తర్వాత ఏడాదికి రెండు. ఇక్కడ ఉండనిచ్చే నియమం మెతక, డబ్బిచ్చే నియమం గట్టి. రెండింటినీ కలిపి చూసి ‘ఒక్క పరీక్ష చాలు’ అనుకునేవారే ఎక్కువగా దెబ్బతింటారు.

మెన్సా, వంటగది, చలి

మెన్సా అంటే విద్యార్థుల క్యాంటీన్. పూర్తి భోజనంలో ప్రీమో అనే పాస్తా లేదా అన్నం, సెకోందో అనే మాంసం, చేప లేదా చీజ్, పక్కన కూరగాయలు, రొట్టె, పండు ఉంటాయి. ధర ఐఎస్‌ఈఈని బట్టి తగ్గుతుంది. శాకాహారులకు టమాటా పాస్తా, ఉడికించిన శనగలు, కూరలు దొరుకుతాయి. కట్టుగా ఉండేవారు ఒకటి తెలుసుకోవాలి: పార్మిజానో రెజ్జానో చీజ్ తయారీలో పాలు గడ్డకట్టడానికి దూడ కడుపులోంచి తీసే రెన్నెట్ వాడతారు, ఆ చీజ్ పాస్తా మీద చల్లే వస్తుంది.

ఇటలీ ఐరోపాలోనే ఎక్కువ వరి పండించే దేశం. వెర్చెల్లి, నోవారా చుట్టూ వరిచేలు చూస్తే గోదావరి జిల్లాలవాళ్లకు ప్రాణం లేచి వస్తుంది. అయితే సూపర్‌మార్కెట్ బియ్యంలో చాలా రకాలు రిసోత్తో కోసం పండించినవి, వండితే ముద్దవుతాయి. కందిపప్పుకు, బెండకాయలకు, మినపప్పుకు రోమ్‌లో ఎస్క్విలీనో మార్కెట్, టోరినోలో పోర్తా పలాత్సో ఉన్నాయి. ఇంటి నుంచి తెచ్చుకునేవాటిలో ఆవకాయకు ఇబ్బంది లేదు. చికెన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా మాత్రం ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం సామానులో తేకూడదు. మాంసం, పాల ఉత్పత్తులు నిషేధం. తాజా కరివేపాకుకూ మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతారు.

ఇళ్లలో కరెంటు కనెక్షన్ ఎక్కువగా 3 కిలోవాట్లదే. వాషింగ్ మెషీన్ నడుస్తుండగా ఓవెన్, రైస్ కుక్కర్ పెడితే ఇల్లంతా చీకటవుతుంది. చలికాలం హీటింగ్‌కు కూడా చట్టం తేదీలు పెట్టింది. మిలన్, టోరినో, బొలోన్యాల్లో అక్టోబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా రోజుకు 14 గంటలు మించకుండా, రోమ్, ఫ్లోరెన్స్‌లలో నవంబరు 1 నుంచి, రోజుకు 12 గంటలు. తడి చెత్త, ప్లాస్టిక్, కాగితం, గాజు వేర్వేరు రోజుల్లో వేయాలి. కలిపేస్తే అపార్ట్‌మెంట్ అంతటికీ జరిమానా పడొచ్చు. ఇంట్లో మొదటి తగాదాలు వచ్చేది దీని మీదే.

రైళ్ల సమ్మెలు తరచుగా ఉంటాయి, కానీ ముందే తెలుస్తాయి. 1990 చట్టం ప్రకారం కనీసం 10 రోజుల ముందు చెప్పాలి. పనిదినాల్లో ఉదయం 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య ప్రాంతీయ రైళ్లు కొన్ని తప్పక నడుస్తాయి. తరగతి ముగించుకుని శీతాకాలంలో రాత్రి 7కి గది చేరితే ఇక్కడ మనకు 11:30. అమ్మ నిద్ర ఆపుకుని ఫోన్ కోసం ఎదురుచూసే వేళ అది.

పని చేసి బతకవచ్చా?

విద్యార్థి అనుమతి మీద వారానికి 20 గంటలు, ఏడాదికి 1,040 గంటలు పనిచేయవచ్చు. ఇటలీలో దేశమంతటికీ వర్తించే చట్టబద్ధ కనీస వేతనం లేదు, రంగాన్ని బట్టి యూనియన్ల ఒప్పందాలుంటాయి. గంటకు 8 యూరోలు అనుకుంటే నెలకు 640. కాగితం మీద ఖర్చుకు సరిపోతుంది. కానీ కోర్సు ఇంగ్లిష్‌లో ఉన్నా కౌంటర్ వెనుక నిలబడాలంటే ఇటాలియన్ రావాలి. రానివారికి మిగిలేది ఎక్కువగా ఫుడ్ డెలివరీ, గిన్నెలు కడగడం. విశ్వవిద్యాలయంలోనే లైబ్రరీ, ఆఫీసు పనులకు ‘150 గంటలు’ అనే పథకం ఉంది. మంచి పని, కానీ సీట్లు తక్కువ.

తొలి నాలుగు నెలల నిజమైన ఖర్చు

టోరినోలో పొదుపుగా ఉండే విద్యార్థి నెల ఖర్చు ఇలా అనుకుందాం: పంచుకునే గదిలో మంచం 300, కరెంటు-గ్యాస్ వాటా 50, సరుకులు 150, బస్సు పాసు 25, ఫోన్ 10, మిగతావి 65. మొత్తం 600. సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా 2,400. అడ్వాన్సు రెండు నెలలు 600. నివాస అనుమతి 116. ప్రాంతీయ పన్ను, స్టాంపు 156. ఇంతవరకే 3,272. బీమా, దుప్పట్లు, చలి కోటు కలిస్తే 3,500 దాటుతుంది. అంటే విమాన టికెట్, వీసా ఖర్చు కాకుండానే, స్కాలర్‌షిప్ నుంచి ఒక్క రూపాయి రాకముందే, మూడున్నర లక్షలు. ఏడాది మొత్తానికి స్కాలర్‌షిప్ ఈ ఖర్చును దాదాపుగా భరిస్తుంది, కానీ మొదటి నాలుగు నెలలు మాత్రం ఇంటి డబ్బే.

‘ఉచితం’ అని నమ్మి అప్పు చేసి లక్షన్నరతో వచ్చినవాళ్లు నవంబరులో నలిగిపోతారు. వారి మీద నాకు చాలా జాలి కలుగుతుంది, ఎందుకంటే వాళ్ల లెక్క తప్పు కాదు. వాళ్లకు చెప్పినవాళ్లు తేదీలు చెప్పలేదు.

ఈ ఏర్పాటు ఎవరికి మేలు: రెండు వాదనలు

ఇటలీలో ఒక వాదన ఇలా ఉంటుంది. స్కాలర్‌షిప్ సొమ్ము పన్ను కట్టేవారిది, విద్యార్థులు కట్టే ప్రాంతీయ పన్నుది. విదేశీ కుటుంబాల ఆదాయాన్ని ఇటలీ ప్రభుత్వం తనిఖీ చేయలేదు, రూపాయిల్లో మంచి జీతం కూడా యూరోల్లో చిన్నదిగా కనిపిస్తుంది. నిధులు చాలనప్పుడు స్థానిక పేద విద్యార్థి కూడా డబ్బు రాని జాబితాలో పడతాడు. ఇది కొట్టిపారేయగల వాదన కాదు. మన ఉదాహరణలో 30 లక్షల ఆదాయం ఉన్న కుటుంబం కూడా హద్దు లోపలే ఉండటం చూశాం కదా. దొంగ ఆదాయ పత్రాలు ఇచ్చేవారు ఈ అనుమానాన్ని నిజం చేసి, వెనుక వచ్చేవారి దారి మూస్తున్నారు.

రెండో వాదన జనాభాది. ఇటలీలో జననాలు 2022లో తొలిసారి 4 లక్షల లోపుకు పడిపోయాయి, తర్వాతా తగ్గాయి. చిన్న నగరాల్లో తరగతులు నిండాలన్నా, రేపు ఇంజనీర్లు, నర్సులు దొరకాలన్నా బయటి యువత కావాలి. స్కాలర్‌షిప్‌గా ఇచ్చిన డబ్బు అద్దెగా, సరుకులుగా ఆ ఊళ్లోనే ఖర్చవుతుంది. నాకు ఈ రెండోదే బలంగా తోస్తుంది. అయితే చదివినవారు అక్కడ ఉండి పనిచేసినప్పుడే దానికి అర్థం. ఇటాలియన్ నేర్చుకోకుండా రెండేళ్లు గడిపి జర్మనీ వైపు చూసేవారు ఎక్కువైతే మొదటి వాదనే గెలుస్తుంది.

చట్టాలు మాత్రం ఉండిపోయేవారికి కొంత అనుకూలంగానే మారాయి. డిగ్రీ అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 9 నుంచి 12 నెలల అనుమతి దొరుకుతుంది. 2023 నవంబరులో భారత్, ఇటలీ కుదుర్చుకున్న వలస ఒప్పందంలో చదువు ముగించిన భారతీయ విద్యార్థులు తొలి ఉద్యోగానుభవం కోసం ఏడాది దాకా ఉండేందుకు వీలు కల్పించారు. అదే ఏడాది వచ్చిన మార్పుతో, విద్యార్థి అనుమతిని ఉద్యోగ అనుమతిగా మార్చుకోవడానికి ఏటా ప్రకటించే కోటా కోసం ఆగాల్సిన పని లేకుండా పోయింది. ఆ కోటాల కోసం కంప్యూటర్ల ముందు కాపు కాసిన పాత విద్యార్థులకు ఆ తేడా బాగా తెలుసు. ఉద్యోగ ఒప్పందం దొరికితే, దానితో పాటు చూపాల్సింది మళ్లీ ఇంటి కాగితమే.